లారీకి జోడెద్దులు

పత్తర్‌గట్టి రాతి కమానుల కింద ఎంత సందడి ఉన్నా పగటిపూట అక్కడ పెద్ద లారీ కనపడదు. అత్తరు సీసాలైనా, చీరల బేళ్లయినా చిన్న ట్రాలీల మీదో, తోపుడు బండ్ల మీదో దుకాణానికి చేరాల్సిందే. భారీ వాహనాలకు పగలు నగరంలో ఆంక్షలుంటాయి కాబట్టి లారీల రాకపోకలు ఎక్కువగా రాత్రిళ్లే. నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లినప్పుడు, ఆగి ఉన్న లారీని పక్క నుంచి ఎప్పుడైనా గమనించారా? క్యాబిన్ వెనక, ఛాసిస్‌కు బిగించిన ఇనుప పెట్టెలో రెండు బ్యాటరీలు పక్కపక్కనే ఉంటాయి. 2005లో వచ్చిన టాటా ఏస్ లాంటి చిన్న ట్రాలీకి మాత్రం ఒక్కటే. అదీ డీజిల్ బండే, ఇదీ డీజిల్ బండే. మరి లారీకి రెండెందుకు?

ఒకటి పోతే ఇంకోటి ఆదుకోవడానికి, స్టెప్నీ టైరులా అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. అలాగైతే ఒకటి పాడైనా లారీ కదలాలి కదా! కదలదు.

ఇంట్లో సైకిల్ పంపు ఉంటే నాలుగుసార్లు గట్టిగా కొట్టి, కింది భాగం పట్టుకుని చూడండి. వెచ్చగా తగులుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజిన్ గుట్టంతా ఇదే. పెట్రోలు బండిలోలా నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ దీనికి లేదు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ దాదాపు 16 నుంచి 18వ వంతుకు నొక్కేస్తుంది. ఆ దెబ్బకు గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజిన్లలో ఈ నొక్కుడు పదో వంతుకు అటూ ఇటూ ఉంటుందంతే.

ఇంజిన్ నడుస్తుంటే ఆ నొక్కే పని అదే చేసుకుంటుంది. ఆగిన ఇంజిన్‌ను మొదటిసారి తిప్పాల్సింది మాత్రం సెల్ఫ్ మోటారు. మెల్లగా తిప్పితే కుదరదు. గాలి పిస్టన్ రింగుల సందుల్లోంచి జారిపోతుంది, పుట్టిన వేడిని చల్లటి ఇనుము లాగేసుకుంటుంది. అందుకే వేగంగా తిప్పాలి. ట్రాలీలోని రెండు సిలిండర్ల బుల్లి ఇంజిన్‌కు ఒక బ్యాటరీ చాలు. లారీలోని ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు సుమారు 4 కిలోవాట్ల మోటారు కావాలి. అంటే పొలంలో బోరుకు పెట్టే అయిదు హార్స్‌పవర్ మోటారును బ్యాటరీతో కొన్ని సెకన్లు నడపడమన్నమాట!

కరకంబాడిలోని అమరరాజాలో తయారైనదైనా, ఇంకెక్కడిదైనా లారీ బ్యాటరీ ఒక్కోటి 12 వోల్టులే. 12 వోల్టులతో 4 కిలోవాట్లు లాగాలంటే 330 ఆంపియర్లకు పైగా కరెంటు పారాలి. రెండు బ్యాటరీలను సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్సును రెండోదాని మైనస్సుకు కలిపితే 24 వోల్టులవుతుంది. అప్పుడు సగం కరెంటు చాలు. కరెంటు సగమైతే అదే తీగలో వృథా అయ్యే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి కేబుళ్లు మరీ లావుగా అక్కర్లేదు, సెల్ఫ్ మోటారుకూ బలం తగ్గదు. డాలస్‌లో ఉన్న మీవాళ్లు ‘మా పక్కింటాయన పికప్‌కూ రెండున్నాయి’ అనొచ్చు. అవి వేరు. అక్కడి పెద్ద డీజిల్ పికప్పుల్లో రెంటినీ పారలల్‌లో కలుపుతారు. వోల్టులు 12 దగ్గరే ఉంటాయి, కరెంటు ఇచ్చే సత్తా రెట్టింపవుతుంది. గడ్డకట్టే చలిలో బ్యాటరీ నీరసిస్తుంది కాబట్టి ఆ ఏర్పాటు.

మన లారీలో బ్యాటరీలవి కాడికి కట్టిన జోడెద్దుల బతుకు. ఒకటి కుంటితే బండి ఆగినట్టే. ఇది తెలియకే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. క్యాబిన్‌లో పాటలు కావాలి, ఫ్యాను కావాలి. అవి 12 వోల్టులవి. అందుకని ఒక బ్యాటరీ నుంచే రెండు తీగలు లాగేస్తారు. ఆ బ్యాటరీ రోజూ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. ఆల్టర్నేటర్ మాత్రం రెండింటి గుండా ఒకే కరెంటు పంపుతుంది. దాంతో వాడిన బ్యాటరీ ఎప్పటికీ నిండదు. వాడనిది నిండాక కూడా ఛార్జింగ్ ఆగక, లోపలి నీళ్లు ఇంకిపోతాయి. ఒకటి ఆకలితో, ఇంకోటి అజీర్తితో పోతుంది. 24ను 12గా మార్చే చిన్న కన్వర్టర్ పెట్టిస్తే ఈ బాధ ఉండదు.

రెండో పొరపాటు ఇంకా మామూలు. ‘ఒక్కటే కదా భాయ్ పోయింది, అదొక్కటి మార్చెయ్’ అంటాడు ఓనరు. మూడేళ్ల పాతదాని పక్కన కొత్తది చేరుతుంది. పాతదాంట్లో సరుకు తక్కువ, త్వరగా ఖాళీ అవుతుంది, ఛార్జింగ్‌లోనూ తన వాటా సరిగా తీసుకోదు. ఆ లెక్క తప్పడంతో కొత్తది కూడా దాని వయసు రాకుండానే ముసలిదవుతుంది. ఒక బ్యాటరీ డబ్బు మిగుల్చుకోబోయి రెండింటి డబ్బూ పెట్టాల్సి వస్తుంది.

ఒకప్పటి లారీని బ్యాటరీ డౌనైతే ఏటవాలులో వదిలి, గేరేసి స్టార్ట్ చేసేవారు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 ఇంజిన్లలో డీజిల్ ఎప్పుడు, ఎంత చిమ్మాలో చెప్పేది కంప్యూటర్. బ్యాటరీలు పూర్తిగా చస్తే దానికి చూపే ఉండదు, ఏటవాలు ఏం చేస్తుంది?

కారున్నవాళ్లకో మాట. దారిలో బ్యాటరీ డౌనైతే, ఆగి ఉన్న లారీ నుంచి జంపర్ కేబుళ్లతో కరెంటు అడక్కండి. 24 వోల్టులు తగిలితే మీ కారులోని ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు. ఛార్జవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, కాబట్టి దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల కూడా వద్దు.

లారీ సంగతి మాకెందుకంటారా? మీ వరండాలోని పెద్ద ఇన్వర్టర్ కింద చూడండి. అక్కడ రెండు బ్యాటరీలుంటే చాలావరకు అదే 24 వోల్టుల జత. వాటినీ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే సామర్థ్యమున్నవి మార్చాలి. కొనేటప్పుడు రెండింటి మీదా తయారీ నెల ఒక్కటేనా అని అక్కడే చూసుకోండి.