చెదను పునాదిలోనే ఆపాలి

పొలంలో చెద పడితే రైతు త్వరగానే పసిగడతాడు. వేరుశనగ మొక్క వాడిపోతే పీకి వేరు చూస్తాడు, ఎండిన మిరప మొక్క మొదట్లో మట్టి పెళ్ళ కనబడితే సంగతి అర్థం చేసుకుంటాడు. ఇంటికి పట్టిన చెద మాత్రం అలా దొరకదు. గుమ్మానికి పైన వేసిన రంగు అలాగే ఉంటుంది, లోపలి కలప ఉండదు. చెయ్యి ఆనిస్తే లోపలికి దిగబడిన రోజునే తెలుస్తుంది. అప్పటికి ద్వారబంధం, దూలం, బీరువా వెనక గోడ అన్నీ అయిపోయి ఉంటాయి.

పోయేది కలప ఒక్కటే అయితే ఇక్కడ ఇంతగా రాయనక్కర లేదు. 2021లో కృష్ణా జిల్లాలో ఒక కష్టజీవి ఇల్లు కట్టుకుందామని ట్రంకుపెట్టెలో దాచుకున్న లక్షల రూపాయలను చెదలు తినేశాయి. దెబ్బతిన్న నోట్లకు రిజర్వు బ్యాంకు నిబంధనలు ఉన్నాయి. యాభై రూపాయలు, ఆపై నోట్లలో మిగిలిన పెద్ద ముక్క 80 శాతం దాటితే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం మధ్య ఉంటే సగం ఇస్తారు. అంతకన్నా తక్కువ మిగిలితే ఏమీ రాదు. జల్లెడలా మారిన నోట్లకు ఆ లెక్కలో దక్కేది తక్కువే.

మన ఇళ్ళలో నోట్లకన్నా విలువైన కాగితాలు కూడా ఉంటాయి. పట్టాదారు పాసుపుస్తకం, రిజిస్ట్రేషన్ దస్తావేజు, కౌలు కార్డు, బ్యాంకు రశీదు, విత్తనం కొన్న బిల్లు. మొలకెత్తని విత్తనంపై నష్టపరిహారం అడగాలంటే బిల్లు, సంచి మీది లేబులు చేతిలో ఉండాలి. అటక మీద పెట్టిన ఆ సంచిని చెద తింటే కంపెనీ బాధ్యత కూడా దాంతోపాటే పోతుంది.

రైతు ఇంటికే చెద ఎక్కువ పట్టడానికి కారణం ఉంది. చెదలు నేలలోంచి వస్తాయి. వెలుతురు, గాలి తగలకుండా మట్టితో సన్నని దారులు కట్టుకుంటూ గోడ ఎక్కుతాయి. మనం పత్తి కట్టె, కంది కట్టె, వంటచెరకు తెచ్చి గోడకే ఆనించి పేర్చుతాం. గడ్డివాము ఇంటి వెనకే వేస్తాం. స్నానాల దొడ్డి నీరు పునాది పక్కనే ఇంకుతుంది. తేమ, తిండి, చాటు మూడూ మనమే సమకూర్చినట్టు అవుతుంది. పైగా చేవ ఉన్న టేకు కొనే స్తోమత లేక చేవలేని కలపతో గుమ్మాలు పెట్టించుకుంటున్నాం.

దీనికి పక్కా మార్గం ఇల్లు కట్టేటప్పుడే ఉంది. భవనాలకు చెద నివారణపై ఐఎస్ 6313 అనే భారత ప్రమాణం ఏనాటి నుంచో ఉంది. క్లోరిపైరిఫాస్ 20 ఇసి మందు అయితే లీటరుకు 19 లీటర్ల నీళ్ళు కలపాలి. బేస్‌మెంటు నింపిన మట్టిపై, ఫ్లోరింగు వేయకముందు, చదరపు మీటరుకు 5 లీటర్ల ద్రావణం పోయాలి. పునాది గోడల పక్కలకు 7.5 లీటర్లు. 400 చదరపు అడుగుల ఇంటికి ఒక్క నేలకే సుమారు 185 లీటర్ల ద్రావణం, అంటే 9 లీటర్లకు పైగా మందు కావాలి. అర లీటరు డబ్బా తెచ్చి పైపైన చల్లించి "చెద మందు కొట్టించాం" అనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

ఇప్పటికే చెద పట్టిన ఇంట్లో మట్టి దారిని చీపురుతో దులిపేస్తే అవి మరో దారి వెతుక్కుంటాయి. కిరోసిన్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసినా నేలలోని గూటిని తాకవు. గోడ, నేల కలిసేచోట అడుగు అడుగుకూ రంధ్రం చేసి మందు దింపాలి. కొనేముందు లేబుల్ మీద భవనాల్లో చెదలకు అని రాసి ఉందో లేదో చూడాలి. తిండిగింజలు, పశువుల దాణా ముందే బయటికి తరలించాలి. తాగునీటి బావి, బోరు దగ్గర పోయకూడదు. ఎప్పుడో మిగిలిన బిహెచ్‌సి పొడి, ఆల్డ్రిన్ వంటివి ముట్టుకోవద్దు. వాటిని నిషేధించి పాతికేళ్ళు దాటింది.

అయితే ఈ జాగ్రత్తలన్నీ రైతు నెత్తిన వేసి ప్రభుత్వాలు పక్కకు తప్పుకోవడం కుదరదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతంలో ఇంటికి ఇచ్చేది లక్షా 20 వేలు. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు. సిమెంటు, ఇనుము ధరలకే చాలని సొమ్ములో పేదవాడు ముందుగా కోసుకునేది కంటికి కనబడని ఖర్చునే. కనుక పథకం ఇళ్ళ అంచనాల్లో చెద నివారణను విడిగా పద్దు చూపి నిధులివ్వాలి. బేస్‌మెంటు దశ తనిఖీలో దాన్ని తప్పనిసరి అంశం చేయాలి. చెద తిన్న పాసుపుస్తకాలు, కౌలు కార్డుల నకళ్ళు రుసుము లేకుండా, తిప్పకుండా ఇవ్వాలి. ఇవి మన సంఘం డిమాండ్లు. గ్రామసభల్లో తీర్మానాలు చేయించి మండల కార్యాలయాలకు పంపాలని గ్రామ కమిటీలను కోరుతున్నాం.

మనం చేయగలిగింది కూడా ఉంది. తొలకరి పడ్డ సాయంత్రం దీపం చుట్టూ ఉసిళ్ళు ముసురుతాయి. మర్నాడు ఇంటి లోపల, కిటికీ కింద, గోడ వార రాలిన రెక్కలు కుప్పగా కనబడితే పుట్ట దగ్గరలోనే ఉందని లెక్క. ఆ వానలు రాకముందే కట్టెల మోపులను గోడకు దూరంగా, రాళ్ళపైకి జరపాలి. కాగితాలను నేలకు, గోడకు తగలని ఇనప పెట్టెలోకి మార్చి, నెలకోసారి తీసి చూడాలి. ప్రతిదానికీ ఒక ఫొటో ఫోనులో, ఒక జిరాక్సు మరో ఇంట్లో ఉంచాలి.

చేలో చెదకు మందు వేయడానికి అప్పు చేసైనా సిద్ధపడే రైతు, ఇంటి చెదను తలరాత అనుకుని ఊరుకుంటున్నాడు. అది తలరాత కాదు. పునాది రోజున పోయని మందు, అంచనాలో రాయని పద్దు.