చమురు తినే బాక్టీరియా ఉందిగా!
ఆర్కిటిక్‌లో చమురు ఒలికినా బాక్టీరియా తినేస్తుందన్న వాదన సగమే నిజం. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలినప్పుడు దాదాపు 1,100 మీటర్ల లోతున, 5 డిగ్రీల చలిలోనూ ఆ సూక్ష్మజీవులు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. కానీ అక్కడ సముద్రగర్భంలో చమురు సహజంగానే ఊరుతుంటుంది, ఆ తిండి వాటికి కొత్త కాదు. అలాస్కాలో 1989 నాటి ఎక్సాన్ వాల్డెజ్ చమురు నౌక ప్రమాదం చూడండి. ఎరువు చల్లితే తీరంలో బాక్టీరియా పుంజుకున్న మాట వాస్తవమే. అయితే 2001లో గులకరాళ్ల కింద తవ్వితే, ఆక్సిజన్ సరిగా అందని చోట, చమురు జిగటగా ఇంకా బయటపడింది. ఎరువు మరింత చల్లొచ్చుగా అంటారు; సముద్రపు మంచు అడుగున చల్లేదెవరు? పరిశోధన సాగాల్సిందే. దాన్ని ఆర్కిటిక్‌లో చమురు డ్రిల్లింగ్ అనుమతికి పూచీకత్తుగా చూపడమే అన్యాయం.