ముందు నడచువాడే నాయకుడు

ఆజ్ఞాపించుట సులభము, ఆచరించి చూపుట కష్టము. ఆజ్ఞకు జనులు తల యొగ్గవచ్చును గాని హృదయము నొసగరు. కూలి కాశించియో, దండనకు వెఱచియో చేయు పనికిని, మనఃపూర్వకముగ చేయు పనికిని గల తారతమ్యము వ్యవసాయము చేయించు ప్రతివానికిని తెలిసినదే. గట్టుపై గొడుగు నీడను నిలిచి కేకలువేయు కామందు చేనిలో కలుపు సగము మిగిలిపోవును. తానును మోకాటిలోతు బురదలో దిగిన రైతు చేనిలో ప్రొద్దు గ్రుంకులోపల పని ముగియును. నాయకత్వ రహస్యమంతయు నిందే యిమిడియున్నది.

దీనికి నిదర్శనము కొఱకు పరదేశముల చరిత్రను వెదకనక్కఱలేదు. చేనేతపై బ్రదుకు పేదలు పెక్కుమంది గల చీరాల, పేరాల గ్రామములను ఆనాటి మదరాసు ప్రభుత్వము కలిపి, మునిసిపాలిటీగా మార్చి, మోయరాని పన్నులను మోపెను. ప్రజలెంత మొఱపెట్టుకొన్నను ఆలకించువారు లేకపోయిరి. 1921 ఏప్రిలులో చీరాలకు విచ్చేసిన గాంధీ మహాత్ముడు, ఊరు విడిచిపోవుటయు నొక మార్గమని సూచించెను. కాని తాతలనాటి యిండ్లను విడిచి, పసిబిడ్డలతో, వృద్ధులతో, మండు వేసవిలో పాకలలోనికి పొమ్మని చెప్పగలవా డెవ్వడు? చెప్పినను వినువా రెవ్వరు?

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు చెప్పిరి, ప్రజలు వినిరి. ఏల వినిరి? ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందిన యా విద్వాంసునకు ఉద్యోగములు కఱవు గావు, సౌఖ్యములు దుర్లభములు గావు. వానిని వలదనుకొని ఆయన తమ నడుమకు వచ్చుట ప్రజలు కన్నులార చూచిరి. ఆయన కూర్చిన ‘రామదండు’ సేవకులు ఆయనవలెనే ప్రజాసేవకు నడుము కట్టిరి. సుమారు 15 వేల జనాభాలో అత్యధికులు ఊరు వెడలి, మునిసిపాలిటీ ఎల్లలకు వెలుపల ‘రామనగరు’ను నిర్మించుకొని, ఇంచుమించు 11 నెలలు ఎండకు మాడి, వానకు తడిసి వసించిరి. నడుమ నాయకుని చెఱసాలకు పంపినను వారు వెనువెంటనే చెదరిపోలేదు. ఇది కదా భక్తి!

శ్రీ టంగుటూరి ప్రకాశంగారి మాటయు నట్టిదే. ధనరాసులు కురిపించు బారిష్టరు వృత్తిని ఆయన 1921లో వదలుకొనిరి. 1928 ఫిబ్రవరి 3వ తేదీన మదరాసులో సైమను కమిషను బహిష్కార సందర్భమున, తుపాకి కెదురుగ తన రొమ్ము చూపిరి గాని, వెనుక నిలిచి యువకులను ముందుకు త్రోయలేదు. ఆంధ్రులాయనను ‘కేసరి’ యనుట ఊరక వచ్చిన బిరుదు గాదు.

అయినను ఒక సత్యమును దాచుట మాకు తగదు. చీరాల ప్రజలకు తుదకు ఇండ్లకు తిరిగి రాక తప్పలేదు, మునిసిపాలిటీయు నిలిచెను. గోపాలకృష్ణయ్యగారు 1928లో, 39 ఏండ్లకే, క్షయవ్యాధిచే దివంగతులైరి. ఒక్కని భుజములపై నిలిచిన భారము ఆ యొక్కడు తొలగినంతనే తూలిపోవును. కావున ఆదర్శపురుషుని చుట్టును చేరి జయజయధ్వానములు చేసిన చాలదు. ఆయన మార్గమున తామును నడచువారు పదిమంది కావలెను. నాయకుని పూజించుట భక్తిలో సగమైన గాదు, అనుసరించుటయే భక్తి.

నేడు మన గ్రామములలో, పట్టణములలో జరుగుచున్న దేమి? శివారు చేలు ఎండుచుండగా నీటిని పొదుపుగ వాడుడని సభలో బోధించు పెద్ద, రాత్రివేళ తన తూమును తెఱపించుకొనుచున్నాడు. ఇంటిపన్ను సకాలమున చెల్లింపుడని చాటింపు వేయించు సభ్యుని బకాయి పుస్తకములో పెరుగుచున్నది. కాలువ పూడికకు శ్రమదానము చేయుడని పిలిచినవాడు పలుగు పట్టిన జాడ లేదు. ఇట్టివారే మఱల, “జనులలో కట్టుబాటు నశించినది, మా మాట వినువారు లేరు” అని వగచుచుందురు! జనులు వారి మాట వినకపోలేదు. వారి నడవడిని చూచినారు. చెవికన్న కన్ను బలవత్తరమైన సాక్షి.

భూవసతి గలవారు, విద్యావంతులు, పదవులలో నున్నవారు ఈ విషయమును యోచింతురుగాక. మీ తూమును ముందు మూయుడు. మీ పన్నును ముందు చెల్లింపుడు. మొదటి పలుగు మీరు పట్టుడు. తరువాత వెనుకకు తిరిగి చూడుడు. పిలువకయే ఊరు మీ వెంట నుండును.