గండికోటలో మూడు క్లిక్కులు

కెమెరా పట్టుకుని గండికోట సూర్యోదయానికి వెళ్లొచ్చినవాళ్ల దగ్గర రెండు రకాల ఫొటోలుంటాయి. ఒకదాంట్లో ఆకాశం బ్రహ్మాండం... లోయ మాత్రం బొగ్గు పూసినట్టుంటుంది. రెండోదాంట్లో ఎర్రబండలూ, అడుగున పెన్నా నీళ్లూ చక్కగా కనిపిస్తాయి. ఆకాశం మాత్రం తెల్లకాగితం! అక్కడ నిలబడినప్పుడు రెండూ కనిపించాయి కదా, ఫొటోలో ఒకటే ఎందుకొచ్చిందని అందరికీ అనుమానం.

నిజానికి మన కన్ను కూడా అన్నీ ఒకేసారి చూడదు. ఆకాశం వైపు తిరిగితే కంటిపాప చిన్నదవుతుంది, లోయలోకి చూస్తే పెద్దదవుతుంది. ఆ ముక్కలన్నీ మెదడు కలిపి ఒకే దృశ్యంగా మనకిస్తుంది. కెమెరాకి ఆ వెసులుబాటు లేదు. ఒక క్లిక్కుకి ఒకటే కొలత. వెలుగు రెట్టింపైతే ఫొటోగ్రాఫర్లు దాన్ని ఒక 'స్టాపు' అంటారు. పది స్టాపులంటే వెయ్యి రెట్ల పైమాటే. మంచి కెమెరాలోని రా ఫైలు పన్నెండు, పద్నాలుగు స్టాపుల దాకా పట్టుకోగలదు. అయినా సూర్యుడు ఎదురుగా ఉండి, కింద లోయలో ఇంకా చీకటి ఉన్నప్పుడు అదీ చాలదు. అందుకే ఒక క్లిక్కు బదులు మూడు. ఆకాశానికి ఒకటి, మధ్యస్థంగా ఒకటి, లోయకి ఒకటి. తర్వాత మూడూ కలిపి ఒకటి చేస్తారు. హెచ్‌డీఆర్ అంటే అంతే.

ఇదేదో కంప్యూటర్లు వచ్చాక పుట్టిన తెలివి అనుకునేరు! 1850లలోనే గుస్తావ్ లె గ్రే అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫరు సముద్రానికో నెగటివు, ఆకాశానికో నెగటివు తీసి రెంటినీ కలిపి ఒకే ప్రింటు వేసేవాడు. కంప్యూటరుతో ఈ పని ఎలా చేయాలో లెక్కగట్టి 1997లో ఒక పరిశోధన పత్రం రాసినవాళ్లు పాల్ డెబెవెక్, మన దేశంలో పుట్టిన జితేంద్ర మాలిక్. ఐఫోన్లోకి హెచ్‌డీఆర్ 2010లో వచ్చింది. ఇప్పటి ఫోన్లయితే మనం అడక్కుండానే బోలెడు ఫ్రేములు తీసి కలిపేస్తున్నాయి. ఎంత కలపాలో కూడా అవే నిర్ణయిస్తాయి. అదే నాకు నచ్చదు.

సరే, కొండ మీదికి వెళ్దాం. చీకటి ఉండగానే చేరుకోవాలి. లోయ అంచుకి ఎడంగా, కదలని బండ మీద ట్రైపాడ్ నిలపండి. ఏ ఫొటో కోసమూ అంచువైపు ఒక్క అడుగు కూడా ఎక్కువ వేయక్కర్లేదు. ఐఎస్ఓ 100, అపెర్చర్ ఎఫ్/8 లేదా ఎఫ్/11. ఫోకస్ దూరపు బండ మీద కుదిరాక మాన్యువల్‌కి మార్చేయండి, లేకపోతే రెండో క్లిక్కుకి కెమెరా మళ్లీ వెతుక్కోవడం మొదలెడుతుంది. వైట్ బ్యాలెన్స్ కూడా ఆటోలో వద్దు. మెనూలో బ్రాకెటింగ్ అని ఉంటుంది, దాన్ని రెండు స్టాపుల తేడాతో పెట్టండి. మధ్య ఫొటో సెకనులో 60వ వంతు అయితే ఆకాశానిది 250వ వంతు, లోయది 15వ వంతు అవుతుంది. మారాల్సింది షట్టర్ వేగం మాత్రమే. అపెర్చర్ మారిందంటే ఒకదాంట్లో స్పష్టంగా ఉన్న రాయి ఇంకోదాంట్లో మసకబారుతుంది. బటన్ మీద వేలు అదరకుండా రెండు సెకన్ల టైమర్ వాడండి.

గాలి వీస్తే మాత్రం తిప్పలే. కొమ్మలు ఊగితే కలిపిన ఫొటోలో ఆకులు దయ్యాల్లా మసగ్గా కనిపిస్తాయి. ఎగిరే ఒక్క పిట్ట మూడు పిట్టలవుతుంది. కలిపేటప్పుడు 'డీఘోస్ట్' అనే మీట కొంత సాయం చేస్తుంది, పూర్తిగా కాదు.

సూర్యుడు పైకొచ్చాక కోటలోని మాధవరాయస్వామి ఆలయంలోకి వెళ్లండి. మండపం చీకట్లోంచి బయటి ఎండలోకి చూస్తూ తీస్తే తేడా మరీ ఎక్కువ. అక్కడ మూడు చాలకపోవచ్చు, ఐదు తీయండి.

ఇక ఇంటికొచ్చాక అసలు పరీక్ష. లైట్‌రూమ్ ఉంటే సరే, లేకపోతే ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ ఉంది. మూడూ కలిస్తే వచ్చే ఫైలులో మామూలు తెర చూపించగలిగిన దానికంటే ఎక్కువ వెలుగునీడలుంటాయి. వాటిని తెరకీ, కాగితానికీ సరిపోయేలా కుదించడాన్ని టోన్ మ్యాపింగ్ అంటారు. మీటలు అటూ ఇటూ జరపడమే పని. ఇక్కడే చెయ్యి ఆగదు!

నేను మొదటిసారి తీసినప్పుడు ఆగలేదు. నీడలన్నీ పైకి లేపాను. ప్రతి బండ మీదా ప్రతి గీతా కనపడాలన్నాను. రంగులు పెంచాను. రాత్రి రెండింటికి తెర మీద చూసుకుని మురిసిపోయి, పొద్దున్నే పెద్ద సైజులో ప్రింటు వేయించాను. పట్టుకెళ్లి మా పెదనాన్నకి చూపించాను. ఆయనది జమ్మలమడుగు పక్క ఊరే. చిన్నప్పుడు ఆ కొండల్లో తిరిగిన మనిషి. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"బాగుంది నాయనా. ఎవురు గీసినార్రా ఈ బొమ్మ?" అన్నాడు.

ఫొటో పెదనాన్నా, గండికోట, అన్నాను. "గండికోటనా ఇది?" అని మళ్లీ చూసి, మర్యాదకి తలూపి తిరిగిచ్చేశాడు.

ఇంటికొచ్చి చూసుకుంటే తప్పులన్నీ కనపడ్డాయి. కొండ అంచు వెంబడి తెల్లటి వెలుగు పట్టీ... దేవుడి పటంలో తల వెనక ఉంటుందే, అలాగ. ఆకాశం కంటే లోయే ఎక్కువ వెలుగుతోంది. తెల్లవారుజామున అదెలా సాధ్యం? నీడలు లేకపోయేసరికి లోయకి లోతే లేకుండా పోయింది.

అవే మూడు ఫైళ్లతో మళ్లీ కూర్చున్నాను. సూర్యుడి చుట్టూ రంగు తిరిగి వచ్చేంతవరకే ఆకాశం తగ్గించాను. నీడల్ని రాయి రాయిలా తెలిసేంతవరకే లేపాను. లోతైన చీలికల్ని నల్లగానే వదిలేశాను. రంగుల మీట ముట్టుకోలేదు. ఇప్పుడైతే ఇంకో అలవాటు కూడా చేసుకున్నాను. ట్రైపాడ్ పక్కన నిలబడి ఉండగానే కంటికి ఏం కనపడుతోందో, ఏది కనపడటం లేదో చీటీ మీద రాసుకుంటాను. 'నీళ్లు తెలుస్తున్నాయి, ఎడమ గోడ కింద ఏమీ తెలియడం లేదు' అని. ఎడిటింగ్ అప్పుడు ఆ చీటీ కంప్యూటరు పక్కన పెట్టుకుంటాను.

రెండో ప్రింటు తీసుకెళ్లినప్పుడు పెదనాన్న అరుగు మీదే ఉన్నాడు. ఈసారి ఏ ఊరని అడగలేదు. వేలు తీసుకెళ్లి ఎడమ గోడ కింద, నేను వదిలేసిన నలుపు మీద పెట్టాడు.

"ఈడ ఇంకా తెల్లారలే" అన్నాడు.