గొలుసు వదులైతేనే అడుగు

మంగళగిరి ఏపీఎస్పీ ఆరో బెటాలియన్‌లో శిక్షణ పొందిన పోలీసు జాగిలాలు హ్యాండ్లర్ పక్కనే బుద్ధిగా నడుస్తాయి. మనింటి లాబ్రడార్ మాత్రం బామ్మనే ఈడ్చుకుపోతుంది! ముప్ఫై కిలోల కుక్క ఒక్కసారి లాగితే చాలు, పెద్దవాళ్లు పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవచ్చు.

అది పొగరు కాదండీ. లాగిన ప్రతిసారీ వెంట నడిచి, లాగితే పనవుతుందని మనమే నేర్పేశాం. ఇకనుంచి గొలుసు బిగిసిందా, అక్కడే ఆగిపోండి. అరవొద్దు, వెనక్కి గుంజొద్దు. వదులు కాగానే మెచ్చుకుని, మీ కాలి పక్కనే చిన్న చికెన్ ముక్క పెట్టి కదలండి. మొదటి వారం వీధి చివరిదాకా వెళ్తే గొప్పే! ఇంట్లో ఒకరు ఆగి, ఇంకొకరు అది లాగినట్టల్లా వెళ్తే కథ మొదటికొస్తుంది.

మెడకు బిగుసుకునే గొలుసులు గొంతుకు చేటు. ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్ నయం. నడక కుదిరేదాకా షికారు అబ్బాయి డ్యూటీ, బామ్మది కాదు.