ఫోటోలు చిన్నవి చేసే పని సర్వర్‌ది కాదు, మనది

పోయినేడు తాత సంవత్సరీకానికి ముందురోజు రాత్రి మా కుటుంబం సైట్ పడిపోయింది. కోలారు వైపు చుట్టాలు, హోసూరు అత్తవాళ్లు, పూణేలో ఉన్న చిన్నాయనవాళ్లు పాత ఫోటోలు చూద్దామని తెరిస్తే 508 అనే అంకె, రిసోర్స్ లిమిట్ దాటిందనే ఒక ముక్క కనిపించాయి. ‘మీ సైట్‌కు చానామంది వస్తున్నారు, పెద్ద ప్లాన్ తీసుకోండి’ అన్నారు హోస్టింగ్ వాళ్లు. లాగ్ తీసి చూస్తే ఆ గంటలో వచ్చింది మనవాళ్లు 40 మంది కూడా లేరు. సర్వర్‌ను తినేసింది మేమే చేతులారా పెట్టుకున్న ఇమేజ్ ఆప్టిమైజేషన్ ప్లగిన్.

అందుకే ఈ మాట గట్టిగానే చెప్తున్నాం. మనలాంటి కుటుంబ సైట్లకు ఆ ప్లగిన్ వద్దు. ఫోటోను ఇంట్లోనే, ఒక్కసారి చిన్నది చేసి ఎక్కించండి.

లెక్క చూడండి. ఈ రోజుల్లో కెమెరా ఫోటో అంటే 6000 × 4000 పిక్సెళ్లు, అంటే 2 కోట్ల 40 లక్షల చుక్కలు. డిస్కు మీద అది 8 ఎంబీ ఉండొచ్చు. కానీ సైజు మార్చాలంటే సర్వర్ దాన్ని మెమరీలో పూర్తిగా విప్పాలి. చుక్కకు 4 బైట్లు వేసుకున్నా 96 ఎంబీ. అంతటితో అయిపోలేదు. 2019లో వచ్చిన 5.3 నుంచి వర్డ్‌ప్రెస్ ఇంత పెద్ద ఫోటోకు మామూలుగానే 150, 300, 768, 1024, 1536, 2048, 2560 కొలతల్లో 7 కాపీలు చేసుకుంటుంది. ప్లగిన్ వచ్చి ఆ ఏడింటినీ మళ్లీ నొక్కి, ఒక్కోదానికి ఒక వెబ్‌పి కాపీ తయారు చేస్తుంది. ఒరిజినల్‌తో కలిపి ఒక్క ఫోటోకు 15 ఫైళ్లు. మా 1200 ఫోటోలకు 18,000 ఫైళ్లు! ఏవిఫ్ కూడా ఆన్ చేస్తే ఇంకా భారం. ఆ ఫైలు చిన్నదే గానీ, తయారు చేయడానికి ప్రాసెసర్ చాలా ఎక్కువసేపు కష్టపడాలి.

మనం తీసుకునేది షేర్డ్ హోస్టింగ్. వఠారంలో ఉమ్మడి కొళాయి లాంటిది. ఒకే మెషీన్ మీద ఎన్నో సైట్లు, ఒక్కొక్కరికి ఇంత ప్రాసెసర్, ఇంత మెమరీ, ఇన్ని ఫైళ్లు అని హద్దు. ప్లగిన్ తన పనిని వెనకాల క్యూలో పెట్టుకుంటుంది. వర్డ్‌ప్రెస్‌లో ఆ వెనకపని కదిలేది మామూలుగా ఎవరైనా పేజీ తెరిచినప్పుడే. అంటే చుట్టాలు ఎక్కువగా వచ్చిన రోజే అది కూడా పనికి దిగుతుంది. వాకిట్లో బంధువులు నిలబడి ఉంటే అప్పుడు ఇల్లు అలికినట్టు.

టెస్టింగ్ మా పని. ఏ సాఫ్ట్‌వేర్‌నైనా మేము అడిగే ప్రశ్న ఒకటుంది: ఇది సగంలో ఆగిపోతే ఏమవుతుంది? ఆఫీసులో అడిగిన ప్రశ్న ఇంట్లో అడగలేదు. మా తప్పే. ‘ఒరిజినల్ బ్యాకప్ ఉంచాలా’ అన్న టిక్కును డిస్కు మిగులుతుందని తీసేశాం.

పోయింది ముత్తాత పద్దు పుస్తకం. దాని పేజీలు ఫోన్‌తో తీసి నేరుగా సైట్‌లో ఎక్కించాం. తర్వాత ఫోన్ మార్చేశాం. ప్లగిన్ ఒరిజినళ్లనే నొక్కేసింది. జేపెగ్ బొమ్మను 8 × 8 చుక్కల గళ్లుగా విడగొట్టి, కన్ను పట్టించుకోని వివరాన్ని పారేస్తుంది. పెళ్లి ఫోటోలో అది తెలియదు. చేతిరాతలో తెలుస్తుంది. అక్షరం అంచు చుట్టూ మసక కమ్ముతుంది. ‘ద’కు ‘ధ’కు తేడా కింద ఒక చిన్న గీత. పాత పద్దుల్లో ఉన్నవి తెలుగు అంకెలు. ౨ ఏదో, ౩ ఏదో ఇప్పుడు చెప్పలేం. కన్నడ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్న మాలాంటోళ్లకు ఆ చిన్న గీతే ఆధారం. పుస్తకం మళ్లీ తెరిస్తే 11 పేజీలు చెమ్మకు అతుక్కుపోయి ఉన్నాయి. ఆ పేజీల్లో ముత్తాత ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో మా పిల్లలకు ఇక తెలియదు.

‘పెద్ద ప్లాన్ తీసుకుంటే పోలా’ అంటారు కొందరు. ఒక్కసారి చేసే పనికి ప్రతి ఏడూ అద్దె ఎందుకు కట్టాలి? ‘క్లౌడ్‌లో చేసే ప్లగిన్ పెట్టుకోండి, మీ సర్వర్‌కు బరువుండదు’ అంటారు ఇంకొందరు. నిజమే, బరువుండదు. కానీ మీ ఇంటి ఆడపిల్లల ఫోటోలు, భూమి కాగితాలు ఎవరిదో సర్వర్ దాకా పోయి వస్తాయి. దానికి ఒప్పుకుంటారా, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చెప్పండి. రోజూ పదిమంది వందల ఫోటోలు ఎక్కించే పత్రికకు ప్లగిన్ అవసరమే, కాదనం. మనం ఎక్కించేది పండక్కు పది, పెళ్లికి యాభై.

మేము ఇప్పుడు చేసేది ఇంతే. ఒరిజినల్‌ను ముట్టుకోం, రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు ఇళ్లలో ఉంచుతాం. సైట్ కోసం వేరే కాపీ తీసి, గింప్‌లోనో స్క్వూష్‌లోనో పొడవు వైపు 1600 పిక్సెళ్లకు తగ్గించి, క్వాలిటీ 80 దగ్గర పెడతాం. స్క్వూష్ బ్రౌజర్‌లో నడిచినా ఫోటో మన కంప్యూటర్ దాటదు. చేతిరాత పేజీలైతే 2400 పిక్సెళ్లు, క్వాలిటీ 90కి తగ్గించం. ఒక మధ్యాహ్నం కూర్చుంటే వంద ఫోటోలు అయిపోతాయి.

ప్లగిన్ తీసేశాక ఉగాదికి అదే పాత ప్లాన్ మీద అందరూ ఒకేసారి చూశారు, సైట్ కదల్లేదు. పద్దు పుస్తకం పేజీలు మాత్రం తిరిగి రాలేదు. మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున అలాంటి పుస్తకం ఉంటే ఫోటో తీయండి, ఒరిజినల్ దాచండి. ఆ తర్వాతే సైట్ మాట.