లవంగ నూనె: ఒక చుక్క బలం

పంటి నొప్పి అనగానే మనం లవంగ నూనె సీసా కోసం వెదుకుతాము. ఎండిన మొగ్గల గుండా ఆవిరిని పంపితే అది పరిమళాన్ని మోసుకుపోయి, చల్లని గొట్టంలో తిరిగి నీరవుతుంది. యాలకుల నూనె ఆ నీటిపై తేలుతుంది. లవంగ నూనె బరువైనది, అడుగుకు చేరుతుంది. కిలో మొగ్గలకు లభించేది సుమారు 150 గ్రాములే. అందులో అధిక భాగం యూజినాల్. నొప్పిని మొద్దుబార్చేది అదే. మోతాదు మించి కడుపులోకి పోతే పసిపిల్లల కాలేయాన్ని దెబ్బతీసేదీ అదే. బిర్యానీలోని నాలుగు లవంగాలతో దీనిని పోల్చరాదు. ప్రకృతి సిద్ధమైనది కదా అని చంటిబిడ్డల చిగుళ్ళకు రాయవద్దని తల్లులను కోరుతున్నాము. బిడ్డ పొరపాటున మింగితే వాంతి చేయించక, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.